ట్రావెల్ ట్రైలరా, ఫిఫ్త్ వీలా? మీ ట్రక్కు ఎంత మోస్తుందో ముందు చూడండి

ప్రశ్న: మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. నేను, మా ఆవిడ, పదమూడేళ్ల అమ్మాయి, తొమ్మిదేళ్ల అబ్బాయి. మే నెలలో గుంటూరు నుంచి అమ్మానాన్న ఆరు నెలలకి వస్తున్నారు. వాళ్లకి బిగ్ బెండ్, ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులు చూపించాలని ఉంది. హోటళ్లలో అమ్మకి తిండితో ఇబ్బంది, అందుకే సొంత ఆర్వీ, అంటే వంటగది, మంచాలు ఉన్న చక్రాల ఇల్లు, కొందామనుకుంటున్నాం. మాకు నాలుగు తలుపుల ఎఫ్-150 ట్రక్కు ఉంది, వెనక సామాను వేసుకునే బెడ్ అయిదున్నర అడుగులు. షోరూమ్‌లో ఒక ఫిఫ్త్ వీల్, అదే ట్రక్కు బెడ్‌లోకి తగిలించి లాగే పెద్ద ట్రైలర్, చూసి ఇంట్లో అందరూ ఫ్లాట్ అయిపోయారు. ‘హాఫ్ టన్ ట్రక్కుతో లాగవచ్చు’ అని, అంటే మా ఎఫ్-150 లాంటి వాటితో, దాని మీద బోర్డు ఉంది, సేల్స్ అతను కూడా మీ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుంది సార్ అన్నాడు. ఫ్రెండ్స్ మాత్రం ట్రక్కు వెనక తగిలించే మామూలు ట్రావెల్ ట్రైలర్ చాలు అంటున్నారు. ఇంకో సంగతి, ట్రక్కులో అయిదుగురికే సీట్లు. నాన్నకి మోకాళ్ల నొప్పులు. దారిలో ఆయన ఫిఫ్త్ వీల్‌లో మంచం మీద పడుకుని వస్తే కుదురుతుందా?

జవాబు: మీ చివరి ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ డబ్బుకి సంబంధించినవి, ఇది ప్రాణానికి సంబంధించింది. కుదరదండీ. నడుస్తున్న ఫిఫ్త్ వీల్‌లో మనుషులు ఉండటానికి కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకుంటుంది, కొన్నిట్లో ఒప్పుకోదు, ఎల్లోస్టోన్ వెళ్లే దారిలో మీరు ఎన్నో సరిహద్దులు దాటతారు. చట్టం సంగతి పక్కన పెట్టినా లోపల సీటు బెల్టు ఉండదు, గోడలు సన్నటి పలకలు, అల్మారా తలుపు ఊడినా ఫ్రిజ్ కదిలినా ముందున్న మీకు తెలియదు. పెద్దాయనని అందులో పడుకోబెట్టి గంటకు అరవై మైళ్ల వేగంతో వెళ్లాలన్న ఆలోచన ఇక్కడితో వదిలేయండి. ఆరో మనిషికి రెండో కారు కావాలి, దానికి డ్రైవర్‌గా మీ ఆవిడ ఉండాలి. ఈ ఒక్క మార్పుతో మీ మిగతా లెక్క కూడా కొంచెం తేలికవుతుంది, ఎలాగో కింద చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. మీరు అడిగింది రెండు ట్రైలర్లలో ఏది మంచిదని. రెండూ మంచివే. మీ ట్రక్కుకి మాత్రం ఒకటే సరిపోతుంది, అది ట్రావెల్ ట్రైలర్, అందులోనూ చిన్నది. సేల్స్ అతను అబద్ధం చెప్పాడని అనను, ఎఫ్-150లో ఇంజిన్‌ని బట్టి 11,000 పౌండ్లు లాగేవి నిజంగానే ఉన్నాయి. కానీ లాగడం వేరు, మోయడం వేరు. ఆ అంకె కూడా ట్రక్కులో ఒకరిద్దరు మనుషులు తప్ప సామాను ఏమీ లేదన్న లెక్కతో వేసింది.

డ్రైవర్ తలుపు తీస్తే ఆ ఫ్రేమ్ మీద, తలుపు మూసుకునే చోట, టైర్ల గాలి ఎంత ఉండాలో చెప్పే ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. అందులో మనుషులు, సామాను అంతా కలిపి ఇన్ని పౌండ్లు దాటకూడదు అని ఒక లైను ఉంటుంది. అదే పేలోడ్. బ్రోషర్‌లోనో కంపెనీ సైట్‌లోనో ఉన్న అంకె కాకుండా మీ తలుపు మీద ఉన్నదే చూడాలి, ఎందుకంటే సన్‌రూఫ్, పెద్ద చక్రాలు, ఫోర్ వీల్ డ్రైవ్, లెదర్ సీట్లు అని కంపెనీ బిగించిన ప్రతిదీ అందులోంచే తీసేస్తారు. అందుకే ఖరీదైన మోడల్ తక్కువ మోస్తుంది, వింటే విచిత్రంగా ఉంటుంది కానీ అంతే. మీలాంటి నాలుగు తలుపుల హాఫ్ టన్ ట్రక్కులకి చాలావరకు 1,400 నుంచి 1,900 మధ్యలో ఉంటుంది. మీది 1,600 అనుకుందాం.

ట్రైలర్ బరువు మొత్తం ట్రక్కు మీద పడదు, కొంత వాటా పడుతుంది. ట్రావెల్ ట్రైలర్‌ని ట్రక్కు వెనక బంపర్ కింద ఉండే హిచ్ బంతికి తగిలిస్తారు, దాని బరువులో పది నుంచి పదిహేను శాతం అక్కడ దిగుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. ఫిఫ్త్ వీల్‌ది వేరే పద్ధతి. దాని ముక్కు ట్రక్కు బెడ్ లోపలికి వస్తుంది, వెనక ఇరుసు మీదో, కాస్త ముందో బిగించిన హిచ్‌లో ఆ ముక్కు కింద ఉండే కింగ్ పిన్ కూర్చుంటుంది, అక్కడ మామూలుగా ఇరవై శాతం, ఇంకా ఎక్కువ కూడా దిగుతుంది. దాన్ని పిన్ వెయిట్ అంటారు.

ఇక లెక్క వేద్దాం. మీరు షోరూమ్‌లో చూసింది సామాను, నీళ్లు నింపాక 9,000 పౌండ్లు ఉంటుందనుకోండి, హాఫ్ టన్ బోర్డు పెట్టి అమ్మే ఫిఫ్త్ వీల్స్‌లో ఇది పెద్ద బరువేమీ కాదు. ఇరవై శాతం అంటే 1,800. మీ ట్రక్కు మోసేది 1,600. అంటే మీరు కూడా ఎక్కకముందే లెక్క దాటిపోయింది! పోనీ బాగా తేలికది, 7,500 పౌండ్లది వెతికి పట్టుకున్నారే అనుకోండి, పిన్ వెయిట్ 1,500, మిగిలిన వందలో మీరు ఒక్కరు కూడా పట్టరు. పైగా బెడ్ అయిదున్నర అడుగులే కాబట్టి, మలుపులో ట్రైలర్ మూల వచ్చి క్యాబిన్ అద్దానికి తగలకుండా వెనక్కి జరిగే స్లైడర్ హిచ్ లాంటిదేదో కావాలి, అది వందకి పైగా పౌండ్ల ఇనుము. ఆ బోర్డు ఏ ట్రక్కుని చూసి రాశారో రాసినవాళ్లకే తెలియాలి.

ఇదే లెక్క ట్రావెల్ ట్రైలర్‌కి వేయండి. ట్రక్కులో మీరు, నాన్నగారు, అబ్బాయి ఎక్కారు, కలిపి 400 పౌండ్లు. అమ్మగారు, అమ్మాయి మీ ఆవిడతో కారులో. బెడ్‌లో కూలర్, మడత కుర్చీలు, బయట పెట్టుకునే స్టవ్, ఇరవై పౌండ్ల సోనా మసూరి బ్యాగు, ఇలా ఒక 200. ట్రైలర్ బరువుని చక్రాల మధ్య సర్దే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఒక 100. ఇంకా 900 మిగిలింది. టంగ్ వెయిట్ పదమూడు శాతం అనుకుంటే దాదాపు 6,900 పౌండ్ల ట్రైలర్ దాకా కాగితం మీద కుదురుతుంది. అదే అమ్మగారు, అమ్మాయి కూడా కలిసి అయిదుగురూ ట్రక్కులోనే ఎక్కితే ఆ 900 కాస్తా 650కి పడిపోతుంది, ట్రైలర్ 5,000కి దిగుతుంది. రెండో కారు వల్ల తేలికవుతుందని పైన అన్నది ఇందుకే. అంచు దాకా వెళ్లకండి, అన్నీ నింపాక 6,000 లోపు ఉండేది చూడండి.

ఇక్కడ ఒక మోసం ఉంది, ఎవరూ కావాలని చేసేది కాదు గానీ అందరూ పడేది. ట్రైలర్ మీద పెద్ద అక్షరాలతో డ్రై వెయిట్ అని రాస్తారు. అందులో నీళ్లు ఉండవు, గిన్నెలు ఉండవు, దుప్పట్లు ఉండవు, చాలాసార్లు బ్యాటరీ, గ్యాస్ కూడా ఉండవు. నీళ్లు గాలన్‌కి ఎనిమిది పౌండ్ల పైనే, యాభై గాలన్ల ట్యాంకు నింపితే 400 దాటిపోతుంది. ఆరుగురు మనుషుల బట్టలు, మన వంట సరంజామా ఎంత తూగుతాయో మీకు చెప్పక్కర్లేదు, అమ్మగారు వచ్చేటప్పుడు తెచ్చే పచ్చళ్ల డబ్బాలే చాలు. అందుకని డ్రై వెయిట్ చూడొద్దు, ట్రైలర్ పక్క గోడ మీద స్టిక్కర్‌లో జీవీడబ్ల్యూఆర్ అని ఉంటుంది, నిండా నింపాక దాటకూడని బరువు అది, దానితోనే లెక్క వేయండి.

వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెడితే పేలోడ్ పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది వెనక పడిన బరువులో కొంత ముందు చక్రాల మీదకి, ట్రైలర్ ఇరుసుల మీదకి పంచుతుంది, ట్రక్కు ముక్కు పైకి లేవకుండా చూస్తుంది. చాలా అవసరం. కానీ తలుపు మీద అంకె తలుపు మీదే ఉంటుంది.

ఫిఫ్త్ వీల్‌ని తీసిపారేశానని అనుకోకండి. రోడ్డు మీద దాని నిలకడ ట్రావెల్ ట్రైలర్‌కి రాదు. మీరు ఎల్లోస్టోన్‌కి 287 హైవే మీద అమరిల్లో వైపు వెళ్తారనుకుంటాను, అక్కడ గాలికి అడ్డం ఏమీ ఉండదు. పక్కనుంచి పద్దెనిమిది చక్రాల ట్రక్కు దాటేటప్పుడు దాని ముందున్న గాలి మొదట మీ ట్రైలర్‌ని అవతలికి నెడుతుంది, అది ముందుకి పోగానే తనవైపు లాక్కుంటుంది, స్టీరింగ్ పట్టుకున్న చేతికి ఆ రెండూ విడివిడిగా తెలుస్తాయి. ట్రావెల్ ట్రైలర్ బంతి వెనక ఇరుసుకి నాలుగైదు అడుగుల వెనక ఉంటుంది కాబట్టి ట్రైలర్ తోక ఊగితే ట్రక్కు తోకని కూడా ఊపగలదు. ఫిఫ్త్ వీల్ పిన్ ఇరుసు మీదే ఉంది, దానికి ఆ పట్టు దొరకదు. తగిలించడం కూడా సులువు, వెనక అద్దంలోంచి హిచ్ కనిపిస్తూనే ఉంటుంది. ముక్కు బెడ్ మీదకి వచ్చేస్తుంది కాబట్టి లోపల అంతే చోటున్నా బండి మొత్తం పొడవు తగ్గుతుంది. ఎత్తైన సీలింగ్, కింద పెద్ద సామాన్ల అర, పెద్ద మోడళ్లలో రెండు ఏసీలు, యాభై ఆంపుల కరెంటు. ఇల్లు అమ్మేసి ఏడాది పొడవునా అందులోనే ఉండేవాళ్లు దాన్ని ఊరికే కొనరు.

కానీ దానికి తగ్గ ట్రక్కు కావాలి, ఆ ట్రక్కు ఖర్చు కూడా ఫిఫ్త్ వీల్ ధరలో కలపాలి. ఒక మెట్టు పెద్దదైన ఎఫ్-250 తీసుకుంటే అయిపోతుందని అనుకుంటారు. డీజిల్ ఇంజిన్ చాలా బరువు, పై మోడల్ అయితే దాని పేలోడ్ కూడా 2,000, 2,500 దగ్గర ఆగిపోయేవి ఉన్నాయి. అందుకే కాస్త పెద్ద ఫిఫ్త్ వీల్ ఉన్నవాళ్లు ఎఫ్-350 తరగతికి వెళ్లిపోతారు. అలాంటి ట్రక్కుని రోజూ ప్లానోలో ఆఫీసు పార్కింగ్ గరాజ్‌లో పెట్టాలంటే మీకే విసుగొస్తుంది. ఏడాదికి రెండు మూడు ట్రిప్పుల కోసం ఇదంతా నాకైతే దండగ అనిపిస్తుంది.

నాన్నగారి మోకాళ్ల గురించి రాశారు కదా, షోరూమ్‌లో ఫిఫ్త్ వీల్ చూసినప్పుడు పడకగది ఎక్కడుందో గుర్తు తెచ్చుకోండి. ముక్కు భాగంలో, రెండు మూడు మెట్లు పైన. బయటి తలుపు దగ్గర మెట్లు కాకుండా ఇవి లోపల. బాత్రూమ్ కూడా చాలా మోడళ్లలో ఆ మెట్ల దగ్గరో, పైనో ఉంటుంది. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి, కొత్త చోట, చీకట్లో, ఆ మెట్లు మంచివి కావు. ట్రావెల్ ట్రైలర్‌లో ఒకసారి లోపలికి ఎక్కితే అంతా ఒకటే నేల. అందులో ముందు గది అమ్మానాన్నలకి ఇచ్చేయండి. పిల్లలకి వెనక పైనా కిందా మంచాలుండే మోడల్, దాన్ని బంక్‌హౌస్ అంటారు, అది చూడండి. మీరిద్దరూ భోజనాల బల్ల దించి పరుపు పరచుకోవాలి. ఆరుగురు పడుకోవచ్చు అని రాసిన ట్రైలర్‌లో ఆరుగురు పడుకోగలరు, వాన పడే రోజు ఆరుగురు కూర్చోలేరు. ఇది ఇప్పుడే తెలుసుకుంటే మంచిది.

బంక్‌హౌస్‌లో ఒక జాగ్రత్త. పిల్లల మంచాలు వెనక కదా అని సైకిళ్లు, సూట్‌కేసులు అన్నీ అక్కడే పడేస్తారు. ఎడ్లబండి ఎక్కినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది, బరువు వెనక్కి పోతే కాడి పైకి లేస్తుంది. టంగ్ వెయిట్ పది శాతం కన్నా తగ్గితే ట్రైలర్ ఊగడం మొదలుపెడుతుంది. ఎప్పుడైనా ఊగితే ట్రక్కు బ్రేకు తొక్కకండి. యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, డాష్‌బోర్డు దగ్గరుండే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ మీట మాత్రం చేత్తో మెల్లగా నొక్కండి, వెనక నుంచి లాగినట్టయి ట్రైలర్ దారికొస్తుంది. ఈ మీట ఎక్కడుందో, ఎలా నొక్కాలో ఖాళీ పార్కింగ్‌లో ముందే అలవాటు చేసుకోండి. ట్రైలర్ టైర్లకి 65 మైళ్ల పరిమితి ఉన్నవి చాలా ఉంటాయి, టెక్సస్‌లో స్పీడ్ లిమిట్ 75 ఉన్నా మీ లిమిట్ మీ టైరు మీద రాసిందే.

మీరు అనుకున్న రెండు చోట్ల గురించి కూడా చెప్పాలి. బిగ్ బెండ్‌కి వేసవిలో పెద్దవాళ్లని తీసుకెళ్లకండి, రియో గ్రాండే ఒడ్డున వంద డిగ్రీలు దాటడం మామూలు. మేలో వచ్చి ఆరు నెలలుంటే అక్టోబర్ చివర్లో వెళ్లవచ్చు. అక్కడ కొండల మధ్య ఉన్న చీసోస్ బేసిన్‌కి ఎక్కే రోడ్డు ఇరుకు మలుపులు, ఇరవై అడుగులు దాటిన ట్రైలర్లు వద్దని పార్కు వాళ్లే చెప్తారు, మీరు కింద నది వైపు రియో గ్రాండే విలేజ్‌లో దిగి, పైకి రోడ్డు తెరిచి ఉంటే కారులో వెళ్లిరండి. ఎల్లోస్టోన్‌లో చాలా క్యాంపుల్లో ముప్పై అడుగుల పైన బండ్లకి చోటు దొరకడం కష్టం. కరెంటు, నీళ్లు, డ్రైనేజీ మూడూ ఇచ్చేది పార్కు లోపల ఫిషింగ్ బ్రిడ్జ్ ఒక్కటే, అక్కడ ఎలుగుబంట్ల వల్ల టెంట్లు, గుడ్డ గోడల క్యాంపర్లు ఒప్పుకోరు. ఇరవై రెండు నుంచి ఇరవై అయిదు అడుగుల ట్రైలర్ అయితే మీకు ఎంపిక ఎక్కువ. ఈ వేసవికి స్థలం ఇంకా బుక్ చేయకపోతే ట్రైలర్ వెతకడం ఆపి ముందు ఆ పని చూడండి.

వంట కోసమే ఆర్వీ అన్నారు కాబట్టి ఇది కొంచెం వివరంగా. మీకు సరిపోయే సైజు ట్రైలర్లకి చాలావరకు ముప్పై ఆంపుల కరెంటే ఉంటుంది, అంటే 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే పదిహేను వందల వాట్ల దాకా తింటుంది, వేడినీళ్ల ట్యాంకు కరెంటు మీద పెడితే ఇంకో పద్నాలుగు వందలు. ఆ మీద ఇన్‌స్టంట్ పాట్ ఆన్ చేశారంటే బ్రేకర్ పడిపోతుంది. వేడినీళ్లని గ్యాస్ మీదకి మార్చేస్తే సరి. గుంటూరు నుంచి మిక్సీ తెచ్చుకోమని చెప్పకండి, అది 220 వోల్టులది, ఇక్కడ ప్రాణం ఉన్నట్టూ లేనట్టూ తిరుగుతుంది. పోపు మాత్రం లోపల పెట్టొద్దు. ఎండుమిర్చి ఘాటుకి పొగ అలారం మోగుతుంది, అది పర్లేదు, కానీ ఆ వాసన పరుపుల్లోకి, కర్టెన్లలోకి ఎక్కితే ట్రిప్ అయ్యేదాకా పోదు, రేపు అమ్మేటప్పుడు కూడా ఉంటుంది. బయట బల్ల మీద స్టవ్ పెట్టుకుని అక్కడే పోపు, వేపుడు కానివ్వండి. ఎల్లోస్టోన్‌లో అయితే తిన్న వెంటనే గిన్నెలు, కూలర్, స్టవ్ అన్నీ లోపలికో కారులోకో చేరాలి, పులిహోర గిన్నె బల్ల మీద వదిలేసి గీజర్ చూడ్డానికి వెళ్లారంటే రేంజర్ వస్తాడు, లేకపోతే ఎలుగుబంటే వస్తుంది. టాయిలెట్ గురించి అమ్మగారు అడక్కముందే చెప్తున్నా, కాలితో తొక్కే ఆర్వీ టాయిలెట్లకి పక్కన చేతి స్ప్రే ఉన్నవి దొరుకుతాయి, లేకపోతే పెట్టించుకోవచ్చు. ఆరుగురికి ట్యాంకు త్వరగా నిండుతుంది, అంతే.

ఎక్కడ పెడతారో కూడా ఆలోచించారా? ఫ్రిస్కోలో చాలా కాలనీల్లో డ్రైవ్‌వేలో ఆర్వీ ఉంచడానికి హెచ్‌ఓఏ, అంటే ఇళ్ల యజమానుల సంఘం, ఒప్పుకోదు, స్టోరేజీకి నెలనెలా అద్దె కట్టాలి. పైకప్పు ఉన్నదే తీసుకోండి. మన వైపు వడగళ్లు ఏ సైజులో పడతాయో మీరు చూసే ఉంటారు, ట్రైలర్ పైన రబ్బరు కప్పు, ఏసీ మూతలు వాటిని తట్టుకోలేవు.

కొనే ముందు ఒక వారాంతం అద్దెకి తీసుకోండి. ఔట్‌డోర్సీ, ఆర్వీషేర్ లాంటి వాటిలో యజమానులే ట్రైలర్ తెచ్చి స్టేట్ పార్కులో నిలబెట్టి వెళ్లిపోయే సదుపాయం ఉంది, లాగే టెన్షన్ లేకుండా అందులో ఆరుగురు రెండు రాత్రులు ఉండగలరో లేదో తెలిసిపోతుంది. అమ్మానాన్న వచ్చాక వాళ్లతోనే చేయండి. వాళ్లకి నచ్చకపోతే ఎల్లోస్టోన్‌కి కిచెన్ ఉన్న క్యాబిన్లు తీసుకుని కారులో హాయిగా వెళ్లొచ్చు, ట్రైలర్‌కి పెట్టే డబ్బు మిగులుతుంది. అందరికీ నచ్చితేనే కొనండి, అదీ మూడు నాలుగేళ్లు వాడినది, ఎందుకంటే కొత్తదాని ధర షోరూమ్ గేటు దాటగానే పడిపోవడం మొదలవుతుంది.

పాతది కొనేటప్పుడు అందరూ టీవీ, సోఫా చూస్తారు. మీరు బూట్లు విప్పి లోపల మూలమూలకీ నడవండి. ముఖ్యంగా స్లైడ్, అంటే బయటకి జరిగే గది భాగం, దాని మూలల్లో, బాత్రూమ్ గుమ్మం దగ్గర, మంచం కింద. కాలి కింద మెత్తగా దిగినట్టు అనిపిస్తే లోపల చెక్క నానిపోయింది, ధర ఎంత తగ్గించినా వద్దనండి. బయట గోడ మీద పక్కనుంచి వెలుగు పడేలా నిలబడి చూడండి, ఎక్కడైనా బుడగలా ఉబ్బి ఉంటే అదీ నీళ్ల పనే. టైర్ల మీద తయారైన వారం, సంవత్సరం నాలుగంకెల్లో ఉంటాయి. గాట్లు ఎంత కొత్తగా కనిపించినా అయిదారేళ్లు దాటితే మార్చే ఖర్చు ధరలో తగ్గించుకోండి. కొన్నాక సామాను, నీళ్లు నింపుకుని ఏదైనా ట్రక్ స్టాప్‌లో ట్రక్కులు తూచే క్యాట్ స్కేల్ మీద ఒకసారి తూచండి, మన అంచనాలన్నీ అక్కడ తేలిపోతాయి.

తీసుకునే రోజు తొందరపడొద్దు. ఏసీ, వేడినీళ్లు, స్టవ్, ఫ్రిజ్, స్లైడ్, ప్రతి కొళాయి నడిపించి చూపించమనండి. కొన్ని రకాల ఆర్వీ ఫ్రిజ్‌లు చల్లబడటానికి గంటలు పడుతుంది, కాబట్టి ముందురోజు రాత్రే ఆన్ చేసి ఉంచమని అడగండి. రేపు చేయించి ఇస్తాం సార్ అంటే, సంతకం కూడా రేపే పెడతానని చెప్పండి.